పాయింట్ 22 రైఫిళ్లు: కొనేముందు చూడవలసినవి, సేకరణలో ఉంచుకోదగినవి

పాయింట్ 22, అంటే సుమారు 0.22 అంగుళాల వ్యాసమున్న గుండును కాల్చే రిమ్‌ఫైర్ రైఫిళ్లను సేకరించేవారికి ఇతర పాత తుపాకుల సేకర్తలకు అంత సులభంగా దొరకని ఒక వెసులుబాటు ఉంది. నూరేళ్ల కిందట తయారైన రైఫిల్‌కు సరిపోయే తూటా ఈనాటికీ ఫ్యాక్టరీల నుంచి కొత్తగా వస్తూనే ఉంది. అది భుజాన్ని దాదాపుగా తన్నదు, మిగతా రైఫిల్ తూటాలతో పోలిస్తే చవక కూడా. అందువల్ల కొన్న ప్రతి రైఫిల్‌నూ కాల్చి చూసి, దాని మంచిచెడ్డలను లక్ష్యపు కాగితం మీదనే తేల్చుకోవచ్చు. ఈ సమీక్షలో నేను రైఫిళ్లను తూచిన కొలత అదే. ఒక మోడల్ అరుదైనదా కాదా అన్నది నా దృష్టిలో చివర అడగవలసిన ప్రశ్న. బ్యారెల్ లోపలి భాగం ఎలా ఉంది, ఛాంబర్ (తూటా కూర్చునే గది) అంచు చెక్కుచెదరకుండా ఉందా, ఈ రైఫిల్ యంత్రాంగం నా దగ్గర ఇప్పటికే ఉన్నవాటికి భిన్నంగా ఏం చేస్తుంది అన్న మూడూ ముందు రావాలి.

రైఫిల్ గుణదోషాలలో సగం తూటా నిర్మాణం నుంచే వస్తాయి కాబట్టి మొదట దాని సంగతి చూడాలి. రిమ్‌ఫైర్ తూటాలో మందును రగిలించే రసాయనం అడుగున మధ్యలో కాక, చుట్టూ ఉన్న బోలు అంచులో ఉంటుంది. ఫైరింగ్ పిన్ ఆ అంచును ఛాంబర్ ఒరకు అదిమి నలిపినప్పుడు అది రగులుతుంది. అంచు నలగాలంటే ఇత్తడి రేకు పలచగా ఉండాలి, రేకు పలచన కాబట్టి ఎక్కువ ఒత్తిడిని తట్టుకోలేదు, అందుకే ఈ తూటాలన్నీ తక్కువ శక్తితోనే పనిచేస్తాయి. ఒకసారి పేలిన తొడుగును మళ్లీ నింపి వాడుకోవడం సాధారణంగా సాధ్యపడదు. 1845 ప్రాంతంలో ఫ్రాన్స్‌లో లూయీ నికొలా ఫ్లోబేర్ ఈ పద్ధతికి దారి వేశాడు. 1857లో స్మిత్ అండ్ వెసన్ తన తొలి రివాల్వర్‌తో పాటు పాయింట్ 22 షార్ట్ తూటాను తీసుకువచ్చింది. 1887లో స్టీవెన్స్ కంపెనీ తెచ్చిన పాయింట్ 22 లాంగ్ రైఫిల్ తూటాకే ఈనాటి రైఫిళ్లలో అత్యధికం తయారవుతున్నాయి. దాని సీసపు గుండు బరువు సాధారణంగా 40 గ్రెయిన్లు, అంటే సుమారు 2.6 గ్రాములు. గుండు వ్యాసం తొడుగు వ్యాసంతో సమానంగా ఉండి, మైనపు పూత బయటికే కనిపిస్తూ ఉంటుంది. ఈ పాత తరహా నిర్మాణం పెద్ద తూటాలలో ఏనాడో కనుమరుగైంది.

పాత రైఫిల్‌ను చేతికి తీసుకున్నప్పుడు, అది ఖాళీగా ఉందని బోల్టు (ఛాంబర్‌ను వెనుక నుంచి మూసే భాగం) తెరిచి మీ కళ్లతో మీరు నిర్ధారించుకున్న తరువాత, మొదట పరీక్షించవలసింది ఛాంబర్ నోటి అంచు. తూటా లేకుండా ట్రిగ్గర్ నొక్కితే, కొన్ని పాత నమూనాలలో ఫైరింగ్ పిన్ నేరుగా ఛాంబర్ ఉక్కు అంచును తాకుతుంది. ఏళ్ల తరబడి అలా తాకినచోట చిన్న గంటు పడి, నలిగిన లోహం ఛాంబర్ లోపలికి ఉబుకుతుంది. ఆ స్థితిలో తూటా పూర్తిగా లోపలికి పోదు, పేలిన తొడుగు తేలికగా బయటికి రాదు, అంచు సరిగా నలగక కొన్ని తూటాలు పేలవు కూడా. కాల్చేసిన ఖాళీ తొడుగు ఒకటి వెంట ఉంచుకుని దానిని వేలితో లోపలికి నెట్టి చూస్తే, ఏ వైపున పట్టేస్తోందో వెంటనే తెలిసిపోతుంది. ఇది దిద్దుకోగల లోపమే. ఉబికిన లోహాన్ని తిరిగి బయటికి నొక్కే పనిముట్టు తుపాకులు బాగుచేసేవారి దగ్గర ఉంటుంది. అయినా గంటు లోతుగా ఉన్న రైఫిల్‌ను, అదే మోడల్ ఇంకొకటి దొరికే అవకాశం ఉన్నంతవరకు, వదిలేయడమే నేను మేలని చెబుతాను.

ఆ తరువాత బ్యారెల్. 1920ల వరకు వచ్చిన తూటాలలో రగిలించే రసాయనానికి పొటాషియం క్లోరేట్ వాడేవారు. పేలిన తరువాత అది వదిలే ఉప్పు గాలిలోని తేమను పీల్చుకుని ఉక్కును తినేస్తుంది. 1926లో రెమింగ్టన్ తుప్పు పట్టించని క్లీన్‌బోర్ తూటాలను విడుదల చేశాకనే ఈ బెడద క్రమంగా తగ్గింది. అంతకుముందు తయారై, కాల్చిన నాడే శుభ్రపరిచే అలవాటు లేని యజమాని చేతిలో పడిన రైఫిల్ బయటికి ఎంత నిగనిగలాడినా, లోపల గుంటలు పడి ఉండే అవకాశం ఎక్కువ. సీసం పేరుకున్న బ్యారెల్‌లో ఆ గుంటలు కనిపించవు కాబట్టి, అమ్మేవారి అనుమతితో ఒకసారి తుడిపించి, దీపం వెలుతురులో చూడాలి. మధ్యలో ఎక్కడైనా నల్లని వలయం కనిపిస్తే, ఒక గుండు లోపల ఇరుక్కుపోగా దాని వెనుక మరొకటి కాల్చడం వల్ల బ్యారెల్ ఉబ్బిందని అర్థం. బిగుతైన గుడ్డముక్కను కడ్డీతో తోస్తుంటే ఆ చోట చెయ్యి ఒక్కసారిగా తేలికవుతుంది. అలాంటి రైఫిల్ ఎంత అరుదైనదైనా నా ఓటు దానికి లేదు.

బ్యారెల్ మూతి, అంటే గుండు బయటికి వచ్చే చివరి అంచు గురించి ప్రత్యేకంగా చెప్పాలి. చాలా సెమీ ఆటోమేటిక్ (ప్రతిసారీ తరువాతి తూటాను తానే ఎక్కించుకునే) రైఫిళ్లనూ, పంప్ (ముందుచేతి పట్టును వెనక్కీ ముందుకీ జరిపి తూటా ఎక్కించే) రైఫిళ్లనూ విప్పకుండా వెనుక నుంచి శుభ్రపరచడానికి వీలుండదు, అందుకని తరాల తరబడి వాటిలోకి కడ్డీని మూతి నుంచే దూర్చారు. కడ్డీ ఒరుసుకున్న చోట, గుండును తిప్పే మెలికల గాళ్ల చివరలు ఒకవైపు అరిగిపోతాయి, గుండు బ్యారెల్‌ను వదిలే ఆఖరి క్షణంలో వాయువు ఆ వైపు నుంచి ముందుగా చిమ్మి దానిని పక్కకు నెడుతుంది. ఎంతో బాగున్న రైఫిల్ గురి తప్పుతోందంటే అనేకసార్లు కారణం ఇదే. మూతిని కాస్త కోసి మళ్లీ సమంగా చెక్కిస్తే గురి తిరిగి వస్తుంది, కానీ దానితో ఆ రైఫిల్ అసలు రూపం పోతుంది. కాల్చుకోవడానికి కొనేవారు, భద్రపరచడానికి కొనేవారు ఈ విషయంలో వేర్వేరు నిర్ణయాలకు రావడం సహజమే.

బయటి రూపంలో మోసం జరిగే చోట్లు కొన్నే ఉన్నాయి. ఫ్యాక్టరీ నుంచి వచ్చినప్పుడు స్టాక్ (భుజానికి ఆనించే చెక్క భాగం) కలప, వెనుక బిగించిన పలక అంచుతో సమానంగానో, అంతకు వెంట్రుకవాసి ఎత్తుగానో ఉంటుంది. కలప పలక కంటే లోపలికి పోయి ఉంటే ఎవరో గరుకు కాగితంతో రుద్దారన్నమాట. బ్యారెల్ మీది అక్షరాల అంచులు మొద్దుబారి, మర రంధ్రాల చుట్టూ లోహం సాసరులా కుంగి ఉంటే, ఆ నీలినలుపు పూత తరువాత వేసినదే. రెమింగ్టన్ రైఫిళ్లలో బ్యారెల్ ఎడమవైపు కొట్టిన రహస్య అక్షరాలు తయారైన నెలనూ సంవత్సరాన్నీ చెబుతాయి. బ్లాక్‌పౌడర్‌ఎక్స్ (BLACKPOWDERX) అని కూర్చిన ఆంగ్ల పదంలోని 12 అక్షరాలే వరుసగా 12 నెలలకు గుర్తులు. అమెరికాలో 1968 నాటి తుపాకుల చట్టం వచ్చేవరకు పాయింట్ 22 రైఫిళ్ల మీద వరుస సంఖ్య వేయాలన్న నిర్బంధం లేదు కాబట్టి, అంతకుముందరి రైఫిల్‌పై సంఖ్య లేకపోవడం దానంతట అదే అనుమానించదగ్గది కాదు. ఉన్న సంఖ్యను అరగదీసిన ఆనవాలు కనిపిస్తే మాత్రం ఆ రైఫిల్ జోలికి పోకూడదు.

ఏ తూటాకు చేసిన ఛాంబర్ అన్నది బ్యారెల్ మీద చదివి తీరాలి. జాన్ బ్రౌనింగ్ రూపకల్పన చేసిన వించెస్టర్ 1890 పంప్ రైఫిల్ ఎనిమిది లక్షలకు పైగా తయారైంది, అది సేకర్తలకు నేటికీ ప్రీతిపాత్రమే. కానీ ఒక్కొక్క రైఫిల్ ఒక్కొక్క తూటాకే చేశారు: కొన్ని షార్ట్‌కు, కొన్ని లాంగ్‌కు, కొన్ని డబ్ల్యూ.ఆర్.ఎఫ్. (వించెస్టర్ రిమ్ ఫైర్)కు, చివరి కాలంలో కొన్ని లాంగ్ రైఫిల్‌కు. డబ్ల్యూ.ఆర్.ఎఫ్. తొడుగు లావైనది, ఆ ఛాంబర్‌లో లాంగ్ రైఫిల్ తూటాను కాలిస్తే పలచని తొడుగు ఉబ్బి చీలుతుంది, వాయువు వెనక్కి చిమ్ముతుంది. 1959 నుంచి ఉన్న పాయింట్ 22 మాగ్నమ్ ఛాంబర్‌లో కూడా లాంగ్ రైఫిల్ తూటా వదులుగా దూరుతుంది, అక్కడా అదే ప్రమాదం. పేరులో 22 ఉన్నంత మాత్రాన అన్నీ ఒకటి కావు.

ఇక మోడళ్ల సంగతి. కొత్తగా సేకరణ మొదలుపెట్టేవారు మొదట ఏది కొనాలని అడిగితే నేను సంకోచం లేకుండా చెక్ దేశపు ఉహెర్‌స్కీ బ్రోద్‌లో తయారయ్యే సీజెడ్ బోల్ట్ రైఫిల్‌నే సూచిస్తాను. 452, 455, 457 అని వరుసగా వచ్చిన ఈ కుటుంబంలో మూడింటికీ ఒకే మ్యాగజైన్ (తూటాల పెట్టె) పనిచేస్తుంది. యజమాని మీద ఇంత దయ చూపిన తయారీదారులు తక్కువ. పాత 452లో ఉక్కు, కలప పనితనం నాకు ఎక్కువ ఇష్టం. అందులోని లక్స్ రకం పొడవైన బ్యారెల్, ఐరన్ సైట్లు (గురి చూసే లోహపు గుర్తులు), వంపు తిరిగిన యూరోపియన్ స్టాక్‌తో చూడముచ్చటగా ఉంటుంది. అయితే దాని సేఫ్టీని (పొరపాటున పేలకుండా ఆపే మీటను) ముందుకు నెడితే భద్రం, వెనక్కి లాగితే కాల్చడానికి సిద్ధం. మిగతా రైఫిళ్లకు అలవాటుపడిన చేతికి ఇది పూర్తిగా తలకిందుల పద్ధతి, ఒకే రోజున రెండు రకాలూ వాడేవారు దీనిని తేలికగా తీసుకోకూడదు. 457లో దీనిని సరిచేశారు, బోల్టు పైకెత్తే కోణాన్ని 90 డిగ్రీల నుంచి 60కి తగ్గించారు, ట్రిగ్గర్‌ను చక్కగా సవరించుకునే వీలు కల్పించారు. 455 నుంచి బ్యారెల్‌ను రెండు మరలు వదులు చేసి మార్చుకునే వెసులుబాటు వచ్చింది. కాల్చడానికి 457, ఉంచుకోవడానికి 452 అని నేను తేలుస్తాను. ఒక్కటే కొనగలిగితే 457నే కొనాలి.

ఖచ్చితత్వంలో దీనికి పై మెట్టు అన్‌షుట్జ్. 1856లో జెల్లా మెహ్లిస్‌లో పుట్టి, రెండో ప్రపంచ యుద్ధం తరువాత ఉల్మ్‌లో మళ్లీ నిలదొక్కుకున్న ఈ జర్మన్ సంస్థ మ్యాచ్ 54 యాక్షన్ (తూటాను ఎక్కించి, పేల్చి, తొడుగును బయటికి తీసే యంత్రాంగం) దశాబ్దాలుగా 50 మీటర్ల పోటీలలో ప్రమాణంగా నిలిచింది. ఆ పోటీ లక్ష్యంలో పది పాయింట్ల వలయం వ్యాసం 10.4 మిల్లీమీటర్లు మాత్రమే, గుండు వ్యాసమేమో 5.6 మిల్లీమీటర్లు. 50 మీటర్ల నుంచి ఆ వలయాన్ని మళ్లీ మళ్లీ తాకడానికే ఈ యాక్షన్, ఆ బరువైన బ్యారెల్, కొద్ది గ్రాముల ఒత్తిడికే వదిలేలా సవరించుకోగల ట్రిగ్గర్ రూపొందాయి. షూటింగ్ క్లబ్బులు అమ్మే పాత 54 రైఫిళ్లు సేకర్తకు నిజమైన నిధి. స్టాక్ మీద చెమట మరకలు, గీతలు ఉంటాయి, కానీ రిమ్‌ఫైర్ బ్యారెల్ చాలా నెమ్మదిగా అరుగుతుంది కాబట్టి లోపలి గాళ్లు తరచుగా పదునుగానే ఉంటాయి. చూడవలసినదల్లా ఛాంబర్‌కు సరిగ్గా ముందు, అడుగుభాగాన మాడినట్లుండే గరుకుతనం. వేల తూటాల వేడి ముందుగా అక్కడే కనిపిస్తుంది. ఇదే సంస్థ ఫోర్ట్‌నర్ యాక్షన్‌తో చేసే బయాథ్లాన్ (మంచుపై స్కీయింగ్, షూటింగ్ కలిసిన క్రీడ) రైఫిల్ కూడా ప్రత్యేకమైనది. బోల్టును తిప్పే పని లేకుండా చూపుడు వేలితో వెనక్కి లాగి, బొటనవేలితో ముందుకు నెడితే చాలు. బయాథ్లాన్ క్రీడ 1970ల చివరలో పెద్ద తూటాలను వదిలి పాయింట్ 22కు మారింది, ఆ మార్పు ఫలితాన్ని లోకం 1980 లేక్ ప్లాసిడ్ ఒలింపిక్స్‌లో చూసింది.

వించెస్టర్ 52 గురించి ఒక హెచ్చరిక చాలు. 1919లో రంగప్రవేశం చేసి 1980 వరకు సాగిన ఈ అమెరికన్ పోటీ రైఫిల్ అన్ని విధాలా గొప్పది, దాని స్పోర్టర్ (తేలికైన వేట రైఫిల్) రూపం మరీ అందమైనది, మరీ తక్కువగా దొరికేది. సరిగ్గా అందుకే, మామూలు పోటీ రైఫిల్‌ను కోసి, స్టాక్ మార్చి స్పోర్టర్‌గా అమ్మేవారు ఉన్నారు. నిపుణుడు చూసి నిర్ధారించనిదే స్పోర్టర్ ధర చెల్లించకూడదు.

ట్రిగ్గర్ చుట్టూ ఉన్న మీటను కిందికీ పైకీ ఆడించి తూటా ఎక్కించే లీవర్ రైఫిళ్లలో మార్లిన్ 39ఏకు నా సేకరణలో శాశ్వత స్థానం ఉంది. 1891 నాటి మోడల్ నుంచి దిగివచ్చిన వంశం ఇది, 39ఏ రూపం 1939లో వచ్చింది. కుడిపక్కన ఉన్న పెద్ద మరను నాణెంతో తిప్పితే రైఫిల్ రెండు ముక్కలుగా విడిపోతుంది, బ్యారెల్‌ను వెనుక నుంచి హాయిగా శుభ్రపరచుకోవచ్చు. పైన చెప్పిన మూతి అరుగుదల సమస్యకు ఇంతకంటే సొగసైన పరిష్కారం నాకు కనిపించలేదు. బ్యారెల్ కింది గొట్టంలో 19 లాంగ్ రైఫిల్ తూటాలు పడతాయి, షార్ట్, లాంగ్ తూటాలు కూడా నడుస్తాయి. లీవర్ కదలికలో ఉక్కు మీద ఉక్కు జారే ఆ నునుపు నేటి పోత లోహాలలో దొరకదు. 1980ల చివర దీనికి అడ్డంగా నొక్కే సేఫ్టీ చేర్చారు. పనితీరుకు లోటు లేకపోయినా సేకర్తలు దానికి ముందరి రైఫిళ్లనే కోరుకుంటారు, నేనూ ఆ పక్షమే.

1914లో బెల్జియంలోని ఎఫ్.ఎన్. సంస్థ తయారీ మొదలుపెట్టిన బ్రౌనింగ్ సెమీ ఆటోమేటిక్ పాయింట్ 22 మరో అద్భుతం. తూటాలు స్టాక్‌లోని గొట్టంలోకి పోతాయి, ఖాళీ తొడుగులు కిందికి రాలుతాయి, కాబట్టి ఎడమచేతివాటం వారికీ ఇబ్బంది లేదు. బ్యారెల్‌ను ఒక మెలితో విడదీయవచ్చు. బ్యారెల్ కలిసే చోట ఊగిసలాట ఉందేమో తప్పక చూడాలి. దానిని బిగించుకోవడానికి సవరణ వలయం ఉంటుంది, అది ఆఖరి గాడికి చేరిపోయి ఉంటే రైఫిల్ చాలా అరిగిందని అర్థం. ఇది ఒకే రంధ్రంలో గుండ్లు దింపే రైఫిల్ కాదు, ఎందుకంటే విడిపోయే బ్యారెల్ ప్రతిసారీ అణువంత తేడా లేకుండా కూర్చోదు. చేతిలో దాని తేలికదనం, సమతూకం కోసం దానిని ఎంచుకోవాలి.

రుగర్ 10/22 విషయంలో నా అభిప్రాయం రెండు రకాలుగా ఉంది. 1964లో వచ్చిన ఈ రైఫిల్‌లోని గుండ్రంగా తిరిగే 10 తూటాల మ్యాగజైన్ ఈ రంగంలోని అత్యుత్తమ రూపకల్పనలలో ఒకటి. అంచులు ఒకదానికొకటి తగులుకునే రిమ్‌ఫైర్ తూటాలను అది విడివిడి గదులలో ఉంచి, ఆ చిక్కునే లేకుండా చేసింది. కానీ చివరి తూటా తరువాత బోల్టు తనంతట తాను తెరుచుకుని నిలవదు, ట్రిగ్గర్‌ను గట్టిగా నొక్కాలి, మామూలు బ్యారెల్ గురి సాధారణమే. అందుకే యజమానులు అన్ని భాగాలూ మార్చేస్తారు. కాల్చుకునేవారికి అది వరం. సేకర్త మాత్రం ఏ భాగమూ మారని తొలినాటి వాల్‌నట్ స్టాక్ రైఫిళ్లనో, 1967 కెనడా శతాబ్ది ప్రత్యేక రూపాన్నో వెతకాలి, మార్పులు చేసిన వాటిని వదిలేయాలి. రెమింగ్టన్ నైలాన్ 66ను కూడా ఇక్కడే ప్రస్తావించాలి. 1959లో కలపకు బదులు నైలాన్ స్టాక్‌తో వచ్చినప్పుడు పెదవి విరిచినవారు చాలామంది. ఆ ఏడాదే టామ్ ఫ్రై అనే రెమింగ్టన్ ఉద్యోగి గాలిలోకి ఎగరేసిన 1,00,010 చెక్కముక్కలలో ఆరింటిని మాత్రమే తప్పాడు. ఆకుపచ్చ రంగు సెనెకా రకం ఎక్కడైనా బాగున్న స్థితిలో కనిపిస్తే ఆలోచించకుండా తీసుకోవచ్చు.

2002లో వచ్చిన పాయింట్ 17 హెచ్.ఎం.ఆర్. (హార్నడీ మాగ్నమ్ రిమ్‌ఫైర్) తూటా 17 గ్రెయిన్ల గుండును సెకనుకు దాదాపు 775 మీటర్ల వేగంతో పంపుతుంది. చదునైన మార్గం కావలసినవారికి అది మంచి ఎంపికే, కానీ పాత యంత్రాంగాల వైవిధ్యం అందులో లేదు కాబట్టి నా సేకరణ దృష్టి అటు పోలేదు.

ఏ రైఫిల్ కొన్నా దానికి నచ్చే తూటాను కనుక్కునేదాకా తీర్పు చెప్పకూడదు. తిరిగి నింపుకునే వీలు లేనందున వేర్వేరు ఫ్యాక్టరీ లాట్లను (ఒకే విడతలో తయారైన తూటాలను) కాల్చి చూడటమే మన చేతిలో ఉన్న ఏకైక మార్గం. ఒకే కంపెనీ, ఒకే పేరు, కానీ లాట్ నంబరు మారితే గురి మారుతుంది. తూటాలు తయారుచేసే ఎలీ, లాపువా సంస్థలు, పోటీదారులు తమ రైఫిల్‌తో వచ్చి వేర్వేరు లాట్లను కాల్చి ఎంచుకునే పరీక్షా కేంద్రాలనే నడుపుతున్నాయంటే ఈ తేడా ఎంత నిజమో ఊహించవచ్చు. వేగంగా పోయే తూటా మెరుగైనదన్న భ్రమ కూడా వదులుకోవాలి. సెకనుకు 380 మీటర్ల దగ్గర బయలుదేరే తూటా శబ్దవేగం దాటే చోట గాలి నిరోధం ఎక్కువై త్వరగా వేగం కోల్పోతుంది, అందువల్ల శబ్దవేగానికి కాస్త తక్కువగా, సుమారు 325 మీటర్ల వేగంతో పోయే తూటా కంటే పక్కగాలికి ఎక్కువగా జరుగుతుంది. పోటీ తూటాలన్నీ నెమ్మదివే కావడానికి కారణం ఇది. నెమ్మది తూటాను 50 మీటర్లకు గురి కుదిర్చితే 100 మీటర్ల దగ్గర 15 సెంటీమీటర్లకు మించి కిందికి దిగుతుందన్నది మాత్రం గుర్తుంచుకోవాలి. తూటా రకం మార్చాక మొదటి కొన్ని గుండ్లను లెక్కలోకి తీసుకోకూడదు, బ్యారెల్‌లో పాత మైనం పోయి కొత్తది పరుచుకోవడానికి అవి అవసరం.

మీరున్న చోటి చట్టం ప్రకారం లైసెన్సు, సంఖ్యా పరిమితి, నిల్వ నియమాలు ఏమిటో రైఫిల్ చూడబోయే ముందే తెలుసుకోవాలి. చిన్న తూటా కదా అన్న నిర్లక్ష్యం పనికిరాదు, ఈ గుండు ఒకటిన్నర కిలోమీటర్లు దాటి కూడా పోగలదు, మట్టికట్ట లేనిచోట దానిని కాల్చకూడదు. రైఫిళ్లను ఖాళీ చేసి తాళం వేసిన ఉక్కు బీరువాలో, తూటాలను వేరే తాళం కింద ఉంచాలి. తోలు సంచులలో దీర్ఘకాలం ఉంచితే తోలులోని రసాయనాలు, తేమ కలిసి పూతను తినేస్తాయి, అవి ప్రయాణానికి మాత్రమే. ప్రతి రైఫిల్‌కూ ఒక చిన్న పుస్తకం పెట్టి, కొన్న తేదీ, బ్యారెల్ స్థితి, మార్చిన భాగాలు, బాగా కుదిరిన తూటా పేరు, లాట్ నంబరు రాసి, ఆ లాట్‌తో 50 మీటర్ల వద్ద కాల్చిన లక్ష్యపు కాగితాన్ని దానికి అతికించి ఉంచాలి. మార్చిన అసలు భాగాలను పారేయకుండా ఒక పొట్లంలో కట్టి, రైఫిల్ సంఖ్య రాసి దానితోనే భద్రపరచాలి.